గొడుగు లైటు ముందు

పరదా గది నుంచి

చెల్లీ,

ఫోను ఎత్తడం లేదని కోప్పడకు. నీ గొంతు వినగానే నాకు ఏడుపొస్తుంది, నా ఏడుపు వినగానే నీకొస్తుంది. ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. చెప్పాల్సింది నోట్లోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. నా రాత కోడి గీకినట్టు ఉంటుందని నీకు తెలుసు. చిన్నప్పుడు నా పలక చూసి పడీ పడీ నవ్వేదానివి. ఇప్పుడూ నవ్వుకో, కానీ చివరిదాకా చదువు.

పొట్టి పోయాక ఇవాళే దాని గది తలుపు తీశాను. జ్వరంతో ఆసుపత్రికి బయల్దేరుతూ కూడా "అమ్మా, నా గొడుగు మీద బట్టలు ఆరేశావంటే ఊరుకోను" అని తలుపు వేసి వెళ్ళింది చూడు, ఆ గది. నేను మళ్ళీ తీసేసరికి గొడుగు అలాగే ఉంది. ఊరుకోని మనిషే లేదు.

అన్నీ దాని పద్ధతిలోనే ఉన్నాయి. బూడిద రంగు పరదా గోడకి వేలాడుతోంది. స్టాండ్లన్నీ కలిపి పాత మఫ్లరుతో కట్టి ఉన్నాయి. కెమెరా, అచ్చు మిషను, కుంటి స్టూలు, పైన తెల్ల గొడుగు ఉండే లైటు. ఎక్కడ రిసెప్షన్ జరిగినా ఫొటోలన్నీ స్టేజీ మీద ఉన్న పెళ్ళివాళ్ళవే కదా. మిగతావాళ్ళు అంత ముస్తాబై వచ్చి, తిని, చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. పొట్టి వాళ్ళ కోసం హాల్లో ఓ మూల చిన్న స్టూడియో నిలబెట్టేది. ఒక్కొక్కరినీ స్టూలు మీద కూర్చోబెట్టి, మొహం దగ్గరగా తీసి, అక్కడికక్కడే అచ్చు వేసి చేతిలో పెట్టేది. నేను పక్కనుండి కాలర్లు సర్దేదాన్ని, దువ్వెన అందించేదాన్ని, పిల్లల ముక్కులు తుడిచేదాన్ని. "నువ్వు తుడువు, నేను తీస్తా. మనిద్దరం కలిస్తేనే ఒక ఫొటో" అనేది.

పచ్చ పట్టా ఒకటి ఉంది. విప్పి నేల మీద పరిచాను. స్టూలు ఉండాల్సిన చోట ఎర్ర టేపు, లైటు ఉండాల్సిన చోట పసుపు టేపు. ఏ హాలుకెళ్ళినా ఆ పట్టా పరిస్తే చాలు, స్టూడియో దానంతటదే కుదిరిపోయేది. తను నిలబడే చోట మాత్రం టేపు లేదు. నిలబడి నిలబడి అక్కడ రంగు పోయింది. రెండు చిన్న పాదాల మేర తెల్లబడింది. అక్కడ చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాను చెల్లీ. మీ బావ వాచీల కొట్టు కట్టేసి వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మాయి రిసెప్షన్‌కి స్టూడియో తనే పెడతానని పొట్టి మాటిచ్చింది. నీ ఎదుటే ఇచ్చింది. ఆ రోజు మీ అమ్మాయి, ఆ బుంగమూతిది, పొట్టి చెయ్యి పట్టుకుని "అందరివీ తీస్తావు, నువ్వూ ఒకసారి కూర్చో అక్కా" అని లాగితే, "నేనెప్పుడూ ఫొటోలో ఉంటూనే ఉన్నాలేవే" అంది. అందరం నవ్వాం. గుర్తుందా?

ఆ మాట నేను నిలబెడతాను. నేర్చుకుంటాను. ఫొటోలకి ఇంకెవర్నీ మాట్లాడుకోవద్దు. ఆ మూల నాది.

మీ అక్క


ఆఫీసు గది నుంచి, భోజనాల వేళ

అక్కా,

నీ ఉత్తరం బల్ల కింద పెట్టుకుని చదివాను. పక్క సీటావిడ "ఏంటి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి" అంటే దుమ్ము అన్నాను. నవ్వుకోమన్నావు. నవ్వలేదు.

నువ్వు గది తలుపు తీశావంటే నాకు ఒక పక్క ధైర్యంగానూ ఉంది, ఒక పక్క భయంగానూ ఉంది. ఆ లైట్లూ తీగలూ నీకెందుకు చెప్పు. షాకు కొడితే? నీకు మోకాళ్ళ నొప్పులు. బావ సరిగ్గా తింటున్నారో లేదో చూసుకో ముందు.

రిసెప్షన్‌కి ఇంకా చాలా టైముంది. నువ్వు పెళ్ళికూతురి పెద్దమ్మవి. మంచి బట్టలు కట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చోవాల్సిన దానివి. వచ్చినవాళ్ళ ముక్కులు తుడవడానికి కాదు. మీ మరిది కూడా అదే మాట అన్నారు. బుంగ నిన్ను తలుచుకుంటూనే ఉంది. గౌను కొలతలిచ్చేటప్పుడు "పొట్టి అక్క ఉంటే ఇది బాలేదని మొహం మీదే చెప్పేది" అంది. అని గదిలోకి వెళ్ళిపోయింది.

స్టూడియో సంగతి అప్పటికి చూద్దాంలే.

నీ చెల్లి


ఫంక్షన్ హాలు వెనక మెట్ల మీద నుంచి

చెల్లీ,

మన అమ్మ "చూద్దాంలే" అంటే ఏమిటో మనిద్దరికీ బాగా తెలుసు. బొమ్మ కొనివ్వమంటే చూద్దాంలే అనేది. నాకు ఇప్పటికీ ఆ బొమ్మ రాలేదు.

నేను చూడను, చేస్తాను. చేసి వచ్చి ఈ మెట్ల మీద కూర్చున్నాను. మీ బావ సామాను సర్దుతున్నారు.

పొట్టి ఎప్పుడో ఒప్పుకున్న పెళ్ళి ఇది. బేకరీ ఆయన కూతురిది. "వద్దులేమ్మా, మేమేమీ అనుకోం" అన్నాడు పాపం. "మీరు అనుకోరు, నేననుకుంటాను" అని వచ్చాను. ఎప్పట్లాగే చేతులు కడుక్కునే కుళాయిల పక్కన మూల ఇచ్చారు. పట్టా పరిచాను. ఎర్ర టేపు మీద స్టూలు, పసుపు టేపు మీద లైటు. అంతా దాని లాగే. పోయి ఆ తెల్ల పాదాల మీద నిలబడ్డాను.

చెల్లీ, మొహాలన్నీ నల్లగా వచ్చాయి. అందరూ బొగ్గు గనిలోంచి నేరుగా పెళ్ళికొచ్చినట్టున్నారు.

వీడియో తీసే అతను వచ్చి నా వెనక చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏంటమ్మా ఇది? గొడుగు వెనక పెట్టుకుని ముందు నువ్వు నిలబడితే అది వానకి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. లైటు పక్కకి జరుపు" అన్నాడు. పక్కకి జరపడానికి చోటేదీ? ఒక పక్క గోడ, ఇంకో పక్క కుళాయిలు. మనకి ఎప్పుడూ మూలే కదా ఇచ్చేది. అందుకే పొట్టి లైటుని తన వీపు వెనకే పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. అది పొట్టిది కాబట్టి వెలుగు దాని తల మీదుగా దాటిపోయేది. నేను దానికన్నా జానెడు పొడుగు, రెండింతల లావు. నా నీడంతా ఎదురుగా కూర్చున్నవాళ్ళ మీదే.

లైటు జరపనన్నాను. అది పెట్టిన చోటు నుంచి జరపను. మోకాళ్ళు వంచి, దాని ఎత్తుకి వచ్చి నిలబడ్డాను. అప్పుడు కాస్త వెలుగొచ్చింది. కానీ వంగిన మనిషి చేతిలో కెమెరా నిలుస్తుందా? ఒక లావుపాటి పెద్దాయన తన ఫొటో అటూ ఇటూ తిప్పి చూసి, "తల్లీ, టై కోసం పది షాపులు తిరిగాను నిజమే. కానీ టై ఒక్కటే తీయమనలేదు. దాని పైన నేనుంటాను" అన్నాడు. మళ్ళీ కూర్చోబెట్టి తీశాను. ఈసారి తల వచ్చింది, టై పోయింది. ఆయనే నవ్వేసి "రెండూ అతికించుకుంటాలే" అని పట్టుకెళ్ళాడు.

ఒకావిడ మాత్రం నవ్వలేదు. "ఇంతకుముందు వచ్చే చిన్న పిల్ల ఏదమ్మా? ఆ పిల్లయితే బాగా తీసేది" అంది. వంగి కెమెరాలోకి చూశాను. ఏమీ కనపడలేదు. అద్దం తడిగా ఉందనుకుని తుడిచాను. తడి అద్దంలో కాదు.

మోకాళ్ళు పట్టేశాయి. అయినా నేర్చుకుంటాను. నువ్వు "సరే అక్కా" అని ఒక్క ముక్క రాయి.

మీ అక్క


ఇంటి నుంచి, బుంగ పక్క గదిలో ఉండగా

అక్కా,

ఈ ఉత్తరం రాసి చింపి, మళ్ళీ రాస్తున్నాను. చెప్పకుండా ఉండి తర్వాత నీకు ఇంకొకరి నోట తెలిసే కంటే నేనే చెప్పడం మంచిది.

స్టూడియోకి వేరే వాళ్ళని మాట్లాడేశాం. పెళ్ళికొడుకు వాళ్ళకి తెలిసినవాళ్ళు. వాళ్ళదే పట్టు. పెద్ద సెట్టింగు పెడతారట, రంగుల దీపాలతో. అందులో మేం మాట్లాడేందుకు ఏమీ లేకపోయింది.

ఇంకో మాట. నువ్వు తిట్టినా సరే చెప్తాను. అక్కా, నువ్వు ఆ మూల నిలబడితే ఏమవుతుందో నాకు తెలుసు. నువ్వు ఏడుస్తావు. నిన్ను చూసి మన వాళ్ళందరూ ఏడుస్తారు. స్టేజీ మీదున్న పిల్లని వదిలేసి హాలంతా నీ వైపు తిరుగుతుంది. నా కూతురికి ఆ ఒక్క రోజూ తనది కావాలి కదా. అది కూడా పసిదే కదా.

ఆ రోజు రా. వచ్చి కాసేపు కూర్చో. నీకు కష్టమనిపిస్తే మీ మరిది బండి మీద ఇంటికి తీసుకొస్తారు, నా గదిలో పడుకుందువు గాని.

నన్ను అర్థం చేసుకో.

నీ చెల్లి


పరదా గది నుంచి

చెల్లీ,

సరే.

కాసేపు కూర్చోమన్నావు. ఎంతసేపో కూడా నువ్వే చెప్పు. ఏడుపొస్తే లేచి వెళ్ళిపోవాలా, లేక రాబోతున్నట్టు అనిపించగానే వెళ్ళాలా? మీ ఆయన బండి దగ్గర తయారుగా ఉంటారా, పిలిపించాలా? ముందు తెలిస్తే దానికి తగ్గట్టు ఏడుస్తాను.

పొట్టి పుట్టినప్పుడు దాన్ని మొదట ఎత్తుకుంది నేను కాదు, నువ్వు. నాకు స్పృహ లేదు. నువ్వే ఎత్తుకుని నా మొహం దగ్గర పెట్టి "అక్కా, కళ్ళు తెరువు, నీ కూతురు నిన్నే చూస్తోంది" అన్నావు. నువ్వు నాకు చెప్పిన మంచి మాటలన్నిట్లోకీ అదే పెద్దది. ఇప్పుడు చెప్పిన మాట దాని పక్కన పెట్టి చూసుకుంటున్నాను.

సామాను ఎవరికైనా ఇచ్చేద్దామంటున్నారు మీ బావ. వీడియో అతను అడిగాడట. గొడుగు తీసుకుపొమ్మను, వానకి పనికొస్తుందన్నాడుగా.

ఇంక రాయను.


మీ బావ కొట్టు నుంచి, వాచీల బల్ల మీద

చెల్లీ,

రాయనన్నాను. రాయకుండా ఉండలేను. చెప్పుకోవడానికి నువ్వు తప్ప నాకెవరున్నారు? నీ మీద కోపం అలాగే ఉంది. దాన్ని పక్కన పెట్టి రాస్తున్నాను.

స్కూలు బస్సు నడిపే డ్రైవరు ఒకాయన మీ బావ కొట్టుకి వచ్చాడు. వాచీ కోసం కాదు. వాళ్ళావిడ ఫొటో తెచ్చాడు. ఏదో రిసెప్షన్‌లో పొట్టి తీసినదే. ఆవిడ ఊరికి వెళ్ళిందట, వచ్చేలోగా ఫ్రేము కట్టిద్దామని తీసి చూస్తే కళ్ళలో ఏదో నలక ఉందట. "తుడిస్తే పోవడం లేదండీ. మీ చేతులు సన్నటి పనికి అలవాటు కదా, కాస్త తీసిపెట్టండి. గీత మాత్రం పడకూడదు. నేను పాడు చేశానంటే మా ఆవిడ నన్ను ఫ్రేము కట్టిస్తుంది" అన్నాడట.

మీ బావ వాచీలు చూసే కంటి అద్దం పెట్టుకుని ఫొటో మీదకి వంగారట. వంగిన మనిషి లేవలేదు. డ్రైవరు చూసి చూసి "పోతుందాండీ?" అన్నాడట. కాసేపటికి ఆయనే భయపడి మా ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీ ఆయన మాట్లాడటం లేదు, రండి" అని. వెళ్ళేసరికి అలాగే వంగి ఉన్నారు. కంటి అద్దం తీసి నా చేతికిచ్చి, వేలితో ఫొటో చూపించారు. అంతే.

చెల్లీ, ఆ అద్దంలోంచి చూశాను. ఆవిడ నల్లగుడ్డు మీద తెల్లగా గొడుగు కనిపిస్తోంది, గుండ్రంగా. గొడుగు మధ్యలో ఒక చిన్న నల్లటి మనిషి. నెత్తి మీద ముడి. కుడి మోచెయ్యి రెక్కలాగా పైకి లేచి ఉంది. అది నలక కాదే. అది పొట్టి.

దాని జుట్టు ముడి. దాని మోచెయ్యి. లైటు వీపు వెనక పెట్టుకుని నిలబడేది కదా, ఎదుటి మనిషి కంట్లో గొడుగుతో పాటు అదీ పడింది. రెండో కంట్లో చూశాను. అక్కడా ఉంది.

ఇంటికి పరిగెత్తి కంప్యూటరు పెట్టించాను. మీ బావ ఒక్కో ఫొటో పెద్దది చేసి చూపించారు. ముసలివాళ్ళ కళ్ళలో, పిల్లల కళ్ళలో, మెల్లకన్ను ఆయన కంట్లో కూడా. అందరి కళ్ళలోనూ నిలబడి పని చేసుకుంటోంది. నేనెప్పుడూ ఫొటోలో ఉంటూనే ఉన్నాలేవే అని బుంగతో అన్నది ఇదే. దానికి తెలుసు. మనమే నవ్వాం.

అప్పట్నుంచి ఇంట్లో నిలవలేకపోతున్నాను. మీ బావ కంటి అద్దం తీసుకుని, పొట్టి ఫొటోలు ఉన్న ఇళ్ళకి వెళ్తున్నాను. కంప్యూటర్లో చూసినా తనివి తీరడం లేదు, అది చేత్తో ఇచ్చిన కాగితం మీదే చూడాలి. తలుపు కొట్టి "మీ గోడ మీది ఫొటో ఒకసారి దించుతారా" అంటే పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు. పిచ్చిదాన్నే. ఒకావిడ నా వీపు నిమిరి "పాపం" అంది. ఆవిడ పాపం నాకెందుకు, నాకు కావాల్సింది ఆవిడ కుడి కన్ను. చూశాను. ఉంది.

మీ హాల్లో బుంగ ఫొటో ఉంది కదా, పొట్టి తీసినది. ఒకసారి చూడు చెల్లీ. నన్ను పిలవొద్దు, కూర్చోబెట్టొద్దు. అది మాత్రం చూడు.

మీ అక్క


మా హాల్లో నుంచి

అక్కా,

చూశాను. మీ మరిది పేపరు చదువుకునే భూతద్దంతో చూశాను. బుంగ వెనక నిలబడి "ఏంటమ్మా నా ఫొటోలో వెతుకుతున్నావు, మొటిమలా?" అంది. అద్దం దాని చేతికిచ్చాను. చూసింది. ఫొటోని గుండెకి ఆనించుకుని గోడ పక్కన కూలబడింది. నేనూ పక్కనే కూర్చున్నాను. వంట మాడిపోయింది. ఎవరమూ లేవలేదు.

తర్వాత అది ఆ పెద్ద సెట్టింగు వాళ్ళకి ఫోను చేసింది. వాళ్ళు పంపిన మచ్చు ఫొటోలు ముందేసుకుని, "వీళ్ళ కళ్ళలో ఎవరూ లేరేంటండీ?" అని అడిగింది. "అలాంటి మచ్చలన్నీ మేం కంప్యూటర్లో తీసేస్తాం మేడం, కళ్ళు శుభ్రంగా ఉంటాయి" అన్నాడట అతను. "నాకు శుభ్రం అక్కర్లేదు" అని పెట్టేసింది. రావద్దని చెప్పేసింది. నేను ఆపలేదు.

అక్కా, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. పెళ్ళికొడుకు వాళ్ళదే పట్టు అని రాశాను. వాళ్ళకి ఏ పట్టూ లేదు. వెతికి వెతికి వాళ్ళని మాట్లాడింది నేను. నువ్వు ఏడుస్తావని భయపడింది కూడా నిజం కాదు. ఆ రోజు నా కూతురు ముస్తాబై నవ్వుతూ నిలబడుతుంది. ఎదురుగా నువ్వు నీ కూతురి కెమెరా పట్టుకుని నిలబడతావు. మధ్యలో నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి? నాకు ఉంది, నీకు లేదు. నీ ఎదుట సంతోషపడితే పాపమనిపిస్తుంది, పడకపోతే నా బిడ్డకి అన్యాయమనిపిస్తుంది. అందుకని నిన్ను తప్పిద్దామనుకున్నాను. నిన్ను. పొట్టిని మొదట ఎత్తుకున్న నేనే.

తిట్టు. తిట్టి రా. నీ మూల నీకు పెట్టించాను. మంచి చోటు ఇద్దామంటే బుంగే ఒప్పుకోలేదు. "అక్కకి చేతులు కడుక్కునే చోటే అలవాటు. పెద్దమ్మకీ అక్కడే ఇవ్వు" అంది.

నీ చెల్లి


పరదా గది నుంచి, రిసెప్షన్ అయి ఇంటికొచ్చాక

చెల్లీ,

బస్సెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని "ఇప్పుడు కాస్త నెమ్మదించిందా అక్కా" అన్నావు. తలూపాను. మీ బావ ముందు ఇంకేమనను? నెమ్మదించలేదు. ఎందుకో రాస్తాను.

నన్ను హాల్లో చూడగానే నువ్వు మొహం తిప్పుకున్నావు. నేను గమనించలేదనుకోకు. నా నెత్తి మీద ముడి చూశావు. ఈ వయసులో ఇదేం వేషం అని మన వాళ్ళు చెవులు కొరుక్కున్నారు, అదీ విన్నాను. పొట్టి వేసుకునే ముడి అది. దాని నల్ల చొక్కా కూడా నేనే వేసుకున్నాను, కుట్లు విప్పి వెడల్పు చేసుకుని. మోకాళ్ళు వంచి దాని ఎత్తుకి నిలబడటం ఇన్నాళ్ళూ ఈ గదిలో నేర్చుకున్నాను. మీ బావ స్టూలు మీద కూర్చునేవారు, నేను తీసేదాన్ని. ఎందుకని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. నీకూ చెప్పలేదు.

మాట నిలబెట్టడానికని రాశాను కదా మొదట. అబద్ధం కాదు. కానీ ఆ కళ్ళలో దాన్ని చూశాక నాకు వేరే ఆశ పుట్టింది. పరదా అదే, గొడుగు అదే, పట్టా అదే, పాదాల చోటు అదే. ముడి కూడా అదే. అన్నీ ఉన్నది ఉన్నట్టు కుదిరితే, చివర ఎదుటి మనిషి కళ్ళలో అదే పడుతుందేమోనని. పిచ్చి ఆశ అని నాకు తెలుసే. తెలిసినా మానలేకపోయాను. ఎవరి కంట్లో కాకపోయినా బుంగ కంట్లో పడుతుంది, అది దాని అక్క కదా అనుకున్నాను. అందుకే నా ఆరాటం అంతా ఆ ఒక్క రోజు కోసం. నువ్వు వద్దన్నప్పుడు నాకు ఎందుకంత మంట పుట్టిందో ఇప్పుడు తెలిసిందా?

ఏడవలేదు, చూశావుగా. వచ్చినవాళ్ళందరివీ తీశాను. మీ ఆయన కాలరు సర్దాను. నీ ఫొటో తీసేటప్పుడు నువ్వు నన్ను కాకుండా నా చెవి చూశావు. అలాగే వచ్చింది, మెల్లకన్ను దానిలా. నీకు పంపను, నేనే ఉంచుకుంటాను.

చివర్లో అందరూ భోజనాల వైపు వెళ్ళాక బుంగ ఒక్కతే వచ్చింది. నువ్వు అప్పుడు అక్కడ లేవు. అంత పెద్ద గౌను పోగుచేసుకుని కుంటి స్టూలు మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నవ్వనా?" అంది.

"పొట్టి ఎవర్నీ నవ్వమనలేదే" అన్నాను.

"మరేమనేది?"

"నన్ను చూడు, చాలు అనేది."

"అయితే నువ్వూ అను."

నోట్లోంచి రాలేదు చెల్లీ. కుళాయి దగ్గర ఎవరో నీళ్ళు వదిలేసి వెళ్ళారు, ఆ చప్పుడొక్కటే. బుంగ మూతి ముందుకు పెట్టి కూర్చుంది, చిన్నప్పుడు అలిగి కూర్చున్నట్టు. చూస్తూనే ఉంది. "నన్ను చూడు" అన్నాను. నొక్కాను.

ఇంటికి రాగానే సామాను దించకుండానే ఆ ఫొటో తీసి, కంటి అద్దం పెట్టుకున్నాను. తెల్ల గొడుగు ఉంది. మధ్యలో మనిషి ఉంది. ముడి ఉంది. ఇంకా దగ్గరికి వంగాను.

నేనే. భుజాలు వాలిపోయి, నడుం వంగిపోయి, ముడి ఒక పక్కకి జారిపోయిన ముసలిది. నా కూతురి చోట నేను నిలబడి ఉన్నాను. అది లేదు. ఎక్కడా లేదు. రెండో కంట్లోనూ వెతికాను.

అప్పుడు ఏడ్చాను. నువ్వు భయపడిన ఏడుపంతా ఇక్కడ ఏడ్చాను. మీ బావ అద్దం తీసుకుని ఫొటో చూశారు. చాలాసేపు చూశారు. ఆయన ఈ మధ్య ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడలేదు. "మోచెయ్యి చూడు, పొట్టిదిలాగే రెక్కలా లేచి ఉంది. నీ మోచెయ్యే. కాలరు సర్దేటప్పుడు, దువ్వెన అందించేటప్పుడు నువ్వు ఎప్పుడూ అలాగే ఎత్తేదానివి. పక్కన నిన్ను చూసి చూసి అది నీలా నిలబడేదన్నమాట. నేను అది దాని పద్ధతనుకున్నాను" అన్నారు.

ఈ మాట పట్టుకుని నేనేం చేసుకోను చెప్పు. ఓదార్పుకి అన్నారని తెలుసు. కానీ అప్పట్నుంచి గ్లాసు అందుకుంటున్నా, తలుపు తీస్తున్నా నా మోచెయ్యి నేనే చూసుకుంటున్నాను. చూసి మళ్ళీ ఏడుస్తున్నాను.

బుంగ ఫొటో ఇందులో పెడుతున్నాను. మీ హాల్లో ఉన్న పాతదాని పక్కన కట్టించు. ఒకదాని కళ్ళలో పొట్టి ఉంది, ఇంకోదాని కళ్ళలో నేనున్నాను. ఎవరైనా నలక అంటే తుడవనివ్వకు.

ఇంకొకటి. బస్సు డ్రైవరు చెల్లెలి పెళ్ళి వస్తోంది. "మా వాళ్ళందరికీ కళ్ళలో నలక పడాలమ్మా, ఎవర్నీ వదలొద్దు" అని అడిగి వెళ్ళాడు. కాదనలేకపోయాను. కానీ ఇంక మోకాళ్ళు వంగవు. ఒక్క అడుగు పక్కకి జరిగి నిలబడితే వెలుగుకి అడ్డం రాననీ, వంగక్కర్లేదనీ మీ బావ లెక్కేసి చూపించారు. నీలం టేపు తెచ్చి పట్టా మీద పెట్టారు. నా పాదాలకి కొత్త గుర్తు పెట్టుకోమని.

పక్కకి జరిగితే ఆ తెల్ల చోటు ఖాళీ అవుతుంది చెల్లీ. జరగకపోతే రోజూ నేనే దాన్ని తొక్కుతాను. నా పాదాలు దానికన్నా పెద్దవి. తొక్కగా తొక్కగా దాని పాదాల గుర్తు చెరిగి నాదైపోతుంది. రెండిట్లో ఏది చేయాలో నాకు తెలియడం లేదు. టేపు చేత్తో పట్టుకుని కూర్చుంటున్నాను, మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నాను.

నా చేత్తో నేను అంటించలేను. పొట్టిని మొదట ఎత్తుకున్నది నువ్వు. నువ్వొచ్చి అంటించు. నువ్వు ఎక్కడ అంటిస్తే అక్కడ నిలబడతాను.

మీ అక్క